బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు? – లండన్, షెఫీల్డ్ కౌన్సిల్ ఇళ్ల మధ్య

శనివారం: పోప్లర్

మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంగ్లండ్ కౌన్సిల్ ఇళ్ల ప్లాన్లు పుస్తకాల్లోనే చూశాను. రిటైరయ్యాక మా అన్నయ్య కొడుకు కిరణ్ లండన్ రమ్మన్నప్పుడు, వాటిని కళ్లారా చూడాలనే బయల్దేరాను. "టవర్ బ్రిడ్జి, మ్యూజియం ఏమీ వద్దా అత్తా?" అన్నాడు వాడు. అవి ఎక్కడికీ పోవు, ఈ ఇళ్లు మాత్రం ఏటా కొన్ని కూలగొడుతున్నారు, ముందు ఇవే చూపించమన్నాను.

అక్కడి కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ. అది తన సొంత డబ్బుతో, ప్రభుత్వ సబ్సిడీతో ఇళ్లు కట్టి, అమ్మకుండా తక్కువ అద్దెకిచ్చి, మరమ్మతులు కూడా తానే చూసుకుంటే అవి కౌన్సిల్ ఇళ్లు. మన దగ్గర ప్రభుత్వం ఇల్లు కట్టి పట్టా చేతికిచ్చి పక్కకు తప్పుకుంటుంది. అక్కడ తాళం చేతికిచ్చిన రోజు నుంచే కౌన్సిల్ అసలు పని మొదలవుతుంది. 1919 చట్టంతో ఇది దేశమంతా పెద్ద ఎత్తున మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఒక్క లండన్‌లోనే పది లక్షలకు పైగా ఇళ్లు కూలిపోయాయి లేదా దెబ్బతిన్నాయి. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1943లో, ప్యాట్రిక్ అబర్‌క్రాంబీ, జె.హెచ్. ఫోర్‌షా లండన్ కౌంటీకి ప్లాన్ తయారుచేశారు. ఎకరానికి ఎంతమంది ఉండవచ్చో అందులో తేల్చారు: నడిబొడ్డున 200 మంది, దాని చుట్టూ 136, ఆ బయట 100. పిల్లలు నడిచి బడికి వెళ్లేలా, ఇల్లాలు నడిచి కూరలు తెచ్చుకునేలా ఊరిని పేటలుగా విడగొట్టాలన్నారు. రాత్రి బాంబులు పడుతున్న ఊళ్లో పగలు కూర్చుని ఇలాంటి ప్లాన్ గీయడానికి ఎంత గుండె నిబ్బరం ఉండాలో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ప్లాన్ కాగితం మీంచి నేల మీదికి దిగిన తొలి చోట్లలో పోప్లర్‌లోని లాన్స్‌బరీ ఎస్టేట్ ఒకటి. తూర్పు లండన్‌లో బాంబు దెబ్బలు బాగా తిన్న స్టెప్నీ, పోప్లర్‌లను పదకొండు పేటలుగా విడదీస్తే ఇది తొమ్మిదోది. యుద్ధం నుంచి దేశం కోలుకుంటోందని చూపడానికి 1951లో బ్రిటన్ ఉత్సవం జరిపినప్పుడు దీన్ని బతికున్న ప్రదర్శనగా పెట్టారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, కట్టడం పూర్తయిన ఇళ్లూ, ఇంకా పునాదుల్లో ఉన్న ఇళ్లూ రెండూ చూసి వెళ్లారు. పేటకు జార్జ్ లాన్స్‌బరీ పేరు పెట్టారు. పేద పేటల మీద పన్ను భారం అన్యాయమని 1921లో పోప్లర్ కౌన్సిలర్లు సొమ్ము కట్టడానికి నిరాకరిస్తే ముప్పై మందిని జైల్లో పెట్టారు. వాళ్లకు నాయకుడు ఆయనే.

ఆల్ సెయింట్స్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే క్రిస్ప్ స్ట్రీట్ మార్కెట్. ఫ్రెడరిక్ గిబ్బర్డ్ దీన్ని వాహనాలు లోపలికి రాకుండా, నడిచేవాళ్ల కోసమే గీశాడు. బ్రిటన్‌లో అలా కావాలని ప్లాన్ చేసి కట్టిన అంగడి వీధుల్లో ఇదే మొదటిది. మధ్యలో గడియారం టవర్, అందులో ఎక్కేవాళ్లకో మెట్లదారి, దిగేవాళ్లకో మెట్లదారి, రెండూ ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటాయి. కింద బంగ్లాదేశీ వ్యాపారుల దగ్గర కాకర, బెండ, కొత్తిమీర కట్టలు చూసి కిరణ్ సంచి తీశాడు. ఇళ్ల గోడలు లేత పసుపు ఇటుకవి. మూడంతస్తులు మించినవి తక్కువ. అప్పటి విమర్శకులు చప్పగా ఉందన్నారు. నాకలా అనిపించలేదు. అరగంట నడిస్తే బడి, చర్చి, పార్కు, ముసలివాళ్ల ఇళ్లు, అంగడి అన్నీ వచ్చేశాయి. ఎక్కడా పెద్ద రోడ్డు దాటలేదు. ప్లాన్‌లో గొప్ప అంటే నాకు ఇదే.

మధ్యాహ్నం పక్కనే ఉన్న బాల్‌ఫ్రన్ టవర్‌కి వెళ్లాం. ఎర్నో గోల్డ్‌ఫింగర్ గీసిన ఎత్తైన కాంక్రీటు భవనం, 1967లో పూర్తయింది. లిఫ్టు టవర్ విడిగా నిలబడి, ప్రతి మూడో అంతస్తుకూ ఒక వంతెనతో కలుస్తుంది. 1968లో గోల్డ్‌ఫింగర్, ఆయన భార్య ఇందులో పై అంతస్తు ఫ్లాట్‌లో రెండు నెలలు కాపురం ఉన్నారు. అంతస్తులవారీగా జనాన్ని ఇంటికి పిలిచి, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని అడిగి రాసుకున్నారు. వాళ్లు చెప్పిన వాటిలో కొన్ని ఆయన తర్వాత పశ్చిమ లండన్‌లో కట్టిన ట్రెల్లిక్ టవర్‌లోకి వెళ్లాయి. ఎంతమంది ఇంజనీర్లం, ఆర్కిటెక్టులం మనం కట్టించిన క్వార్టర్స్‌లో ఒక్క వారమైనా ఉండి చూశాం? కిరణ్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. నా ఉద్యోగకాలంలో అలాంటివాళ్లు నాకు తగల్లేదు.

బాల్‌ఫ్రన్ ఇప్పుడు కౌన్సిల్ ఇల్లు కాదు. మరమ్మతుల పేరుతో అద్దెవాళ్లను ఖాళీ చేయించాక, ఫ్లాట్లను బయట మార్కెట్లో పెట్టారు.

ఆదివారం: బో, కానింగ్ టౌన్

పొద్దున బోలోని కింగ్స్‌లీ హాల్‌కి వెళ్లాం. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీ, ప్రభుత్వం ఇచ్చే హోటల్ వద్దని, మ్యూరియల్ లెస్టర్ నడిపే ఈ సేవాకేంద్రంలో, డాబా మీది చిన్న గదిలో సుమారు మూడు నెలలు ఉన్నారు. తెల్లవారుజామున ఈ వీధుల్లోనే నడిచేవారు. చుట్టూ అప్పటి తూర్పు లండన్ కూలీల ఇరుకు ఇళ్లు. ఆయనతో చార్లీ చాప్లిన్ కలిసింది కూడా ఇక్కడికి దగ్గర్లోని కానింగ్ టౌన్‌లో, చునీలాల్ కతియాల్ అనే పంజాబీ డాక్టరు ఇంట్లో. ఈ డాక్టరు పేరు గుర్తుంచుకోమని కిరణ్‌కి చెప్పాను. రేపటి ప్రయాణంలో ఆయన మళ్లీ వస్తాడు.

కానింగ్ టౌన్‌లో నేను చూడాలనుకున్న భవనం ఇప్పుడు లేదు. రోనన్ పాయింట్, 22 అంతస్తులు. ఫ్యాక్టరీలో గోడలూ శ్లాబులూ పోతపోసి, లారీల్లో తెచ్చి, క్రేనుతో ఒకదానిమీద ఒకటి నిలబెట్టి అతుకులు వేసే పద్ధతిలో కట్టారు. 1968 మార్చిలో జనం చేరారు. మే 16న తెల్లవారుజామున 18వ అంతస్తులో ఒకావిడ టీ పెట్టుకుందామని స్టవ్ వెలిగించింది. గ్యాస్ లీకయి ఉంది. పేలుడు చిన్నదే, ఆవిడ ప్రాణాలతో బయటపడింది. కానీ ఆ ధాటికి మూల గోడ పలక బయటికి జారింది. పై అంతస్తులు ఆధారం లేక కిందికి వచ్చాయి, ఆ బరువుకి కింది అంతస్తులూ పోయాయి. భవనం మూల మొత్తం పైనుంచి కిందిదాకా రాలిపోయింది. నలుగురు చనిపోయారు. కూలినవి ఎక్కువగా హాల్ గదులు, ఆ వేళకు జనం పడకగదుల్లో నిద్రపోతున్నారు, లేకపోతే ఇంకా ఎంతమందో.

బాగుచేసి మళ్లీ జనాన్ని ఉంచారు. 1986లో భవనాన్ని ముక్కముక్కగా విప్పినప్పుడు, గచ్చు నిండి ఉండాల్సిన అతుకుల్లో పాత న్యూస్‌పేపర్లు కుక్కి ఉన్నాయి. ఒక చోట దెబ్బ తగిలితే భవనం మొత్తం వరసగా కూలకూడదనే నియమం 1970లో బ్రిటన్ కట్టడాల నిబంధనల్లోకి ఈ ప్రమాదం వల్లే వచ్చింది. ఇప్పుడు అక్కడ రెండంతస్తుల మామూలు ఇళ్లున్నాయి. ముందు చిన్న తోటలు, పిల్లల సైకిళ్లు. తొందర, లెక్కల మోజు మనుషుల్ని ఎలా చంపుతాయో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలియదు.

సోమవారం: ఫిన్స్‌బరీ

ఈ రోజు కోసమే నేను వచ్చానని చెప్పుకోవచ్చు.

డాక్టర్ కతియాల్ 1930లలో ఫిన్స్‌బరీ కౌన్సిల్‌కి ఎన్నికయ్యాడు. 1938లో మేయర్ అయ్యాడు, బ్రిటన్‌లో మేయరైన తొలి దక్షిణాసియా వ్యక్తి ఆయనే. అప్పటి ఫిన్స్‌బరీ కిక్కిరిసిన పేద పేట. క్షయ, పిల్లల జబ్బులు, పళ్ల జబ్బులు అన్నిటికీ ఒకే చోట ఉచిత వైద్యం అందే కేంద్రం కావాలని పట్టుబట్టి, రష్యా సామ్రాజ్యంలోని జార్జియా నుంచి వచ్చిన బెర్తోల్డ్ లుబెట్కిన్ చేత దాన్ని కట్టించాడు. ఫిన్స్‌బరీ హెల్త్ సెంటర్ తలుపులు తెరిచింది 1938లో. జాతీయ ఆరోగ్య సేవ రావడానికి ఇంకా పదేళ్లు ఉంది. పైన్ స్ట్రీట్‌లో ఆ భవనం ఇంకా ఉంది. రెండు రెక్కలు చాచి, వచ్చేవాళ్లను లోపలికి పిలుస్తున్నట్టు వంగి ఉంటుంది.

వైద్యం తర్వాత ఇల్లు. అదే కౌన్సిల్, అదే లుబెట్కిన్. స్పా గ్రీన్ ఎస్టేట్‌కి యుద్ధానికి ముందే బొమ్మలు గీశారు, యుద్ధంతో ఆగిపోయింది. 1946 జులైలో అన్యూరిన్ బెవాన్ వచ్చి శంకుస్థాపన చేశాడు. వెల్ష్ బొగ్గు గనుల్లో పనిచేసి మంత్రి అయినవాడు బెవాన్. ఆరోగ్యం, ఇళ్లు రెండూ ఆయన శాఖలోనే ఉండేవి. మూడు పడకగదుల ఇంటికి యుద్ధానికి ముందు సుమారు 750 చదరపు అడుగులు చాలనుకునేవాళ్లు, ఆయన 900 ఉండాలన్నాడు. ఇళ్ల సంఖ్య తక్కువగా ఉందని పత్రికలు రోజూ తిట్టినా తగ్గలేదు. 1949 చట్టంతో, కౌన్సిల్ ఇళ్లు శ్రామికులకే అన్న నిబంధన తీసేయించాడు. డాక్టరూ, కసాయీ, కూలీ ఒకే వీధిలో ఉండాలని ఆయన కోరిక.

రోజ్‌బరీ అవెన్యూ మీంచి స్పా గ్రీన్ చూస్తే ముందు కనిపించేవి ముఖభాగం మీద గళ్లు. ఎర్ర ఇటుక, లేత రంగు పెంకు, బాల్కనీ కమ్మీలు ఒక అంతస్తుకీ ఇంకో అంతస్తుకీ జాగా మారుతూ ఉంటాయి. కాకసస్ తివాచీల అల్లిక లుబెట్కిన్ మనసులో ఉందంటారు. లోపలి సంగతి ఇంకా బాగుంటుంది. ఇంజనీర్ ఓవ్ అరప్ స్తంభాలూ దూలాలూ లేకుండా, అగ్గిపెట్టెలు పేర్చినట్టు కాంక్రీటు పెట్టెలు పేర్చే పద్ధతి తెచ్చాడు. అడ్డుగోడలే బరువు మోస్తాయి కాబట్టి గది మూలల్లో స్తంభం పొడుచుకు రాదు, మంచం ఎక్కడ వేసుకున్నా అడ్డు లేదు. పడకగదులు రోడ్డు చప్పుడుకి దూరంగా, తోట వైపు. వంటింట్లో పనిబల్లలు, ఇస్త్రీ బల్ల బయటికి లాగే ఏర్పాటు. చెత్త కిందికి మోసుకెళ్లే పని లేకుండా, సింకులోంచే నీళ్లతో కొట్టుకుపోయే గార్షే పద్ధతి.

ఆ పైన డాబా. అక్కడ విమానం రెక్క ఆకారంలో వంగిన కప్పు ఉంది. కింది నుంచి చూసేవాళ్లకు అది సోకు అనిపిస్తుంది. నిజానికి అది గాలిని పట్టి లోపలికి తోయడానికి, దాని కింద దండేలు కట్టి బట్టలు ఆరేసుకోవడానికి. లండన్ వానలో తడవకుండా, గాలికి ఆరేలా! బట్టలు ఎక్కడ ఆరేస్తారన్న ప్రశ్నకి జవాబుగా ఒక ఆర్కిటెక్టు తన భవనానికి కిరీటం గీశాడు. ఎన్ని అపార్ట్‌మెంట్ ప్లాన్లు నా బల్ల మీదికి వచ్చాయో, వాటిలో ఒక్క దానిలోనైనా దండెం గీసి ఉంటే ఒట్టు. జనం చేరిన మర్నాడే బాల్కనీ కమ్మీల మీద చీరలు వేలాడతాయి, అప్పుడు అసోసియేషన్ వాళ్లు అందం పాడైందని నోటీసు పెడతారు.

కిరణ్ ఆఫీసులో పనిచేసే ఒకావిడ తల్లిగారు ఇక్కడే ఉంటారు. టీకి పిలిచారు. నేను మొదట చూసింది కిటికీలే. ముందు వైపు, వెనక వైపు రెండు పక్కలా ఉన్నాయి, గాలి ఆరపారుగా వీస్తోంది. పెద్దావిడ ఒకే మాట చెప్పారు: ఈ ఇంట్లో పగలు లైటు వేయాల్సిన అవసరం రాలేదట.

సాయంత్రం హాల్‌ఫోర్డ్ స్క్వేర్ వైపు నడిచి బెవిన్ కోర్ట్ చూశాం. 1902-03లో లెనిన్ ఉన్న ఇల్లు ఈ చోటే ఉండేది, బాంబులకు పోయింది. యుద్ధకాలంలో ఇక్కడ లుబెట్కిన్ లెనిన్ స్మారకం కూడా పెట్టాడు, కట్టే ఇళ్లకు మొదట లెనిన్ పేరే అనుకున్నారు. ఇళ్లు 1954లో పూర్తయ్యేసరికి రాజకీయాలు మారి, లేబర్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా చేసిన ఎర్నెస్ట్ బెవిన్ పేరు పెట్టారు. అప్పటికి డబ్బు తగ్గింది, స్పా గ్రీన్‌లో ఉన్న సౌకర్యాలు చాలా కోతపడ్డాయి. మిగిలిన కొంచెం డబ్బూ, కొంచెం ఊహా అంతా లుబెట్కిన్ ఉమ్మడి మెట్లదారిలో పెట్టాడు. మూడు రెక్కల భవనానికి మధ్యలో గుండ్రంగా తిరిగే ఆ మెట్ల కింద నిలబడి తలెత్తి చూశాను. ఎవరో పాలు, బ్రెడ్డు పట్టుకుని పైకి వెళుతున్నారు. మామూలు మనుషులకు ఎంత మంచిది ఇచ్చినా ఎక్కువ కాదు అన్న మాట లుబెట్కిన్ పేరుతో చెప్పుకుంటారు. పేదల ఇంటికి మెట్లు కూడా అందంగా ఉండాలా అని మన ఆఫీసుల్లో అడిగేవాళ్లందరినీ ఇక్కడికి తీసుకురావాలనిపించింది.

మంగళవారం: పిమ్లికో

చర్చిల్ గార్డెన్స్ థేమ్స్ ఒడ్డున, బాటర్‌సీ విద్యుత్ కేంద్రానికి సరిగ్గా ఎదురుగా ఉంది. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ పోటీ పెడితే, అప్పుడే చదువు పూర్తిచేసిన ఫిలిప్ పావెల్, హిదాల్గో మోయా అనే పాతికేళ్ల కుర్రాళ్లు 1946లో గెలిచారు. 1962 దాకా కడుతూ వెళ్లారు, సుమారు 1,600 ఇళ్లు. పొడుగు బ్లాకులను నదికి అడ్డంగా గోడలా పెట్టకుండా, నది వైపు తల పెట్టి నిలబెట్టారు. దాంతో వెనక ఉన్న ఇళ్లకూ ఎండా, నది చూపూ దక్కాయి. కొన్ని బ్లాకులకు కీట్స్, షెల్లీ, చాసర్ అని కవుల పేర్లు.

చూడాల్సింది మధ్యలో ఉన్న ఎత్తైన అద్దాల టవర్. అవతలి ఒడ్డున కరెంటు తయారయ్యాక నదిలో కలిసిపోయే వేడిని వృథా చేయడమెందుకని, నది కింద సొరంగంలో గొట్టాలు వేసి ఆ వేడినీళ్లను ఇక్కడికి తెచ్చి, ఈ టవర్లో నిల్వ చేసి, ఇంటింటికీ పంపించారు. బొగ్గు పొయ్యి లేదు, బూడిద ఎత్తే పని లేదు. అప్పట్లో లండన్ గాలి పొగతో ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. 1980లలో బాటర్‌సీ మూతపడింది. ఇప్పుడు సొంత బాయిలర్లతో అదే వ్యవస్థ నడుస్తోంది. ఎదురు ఒడ్డున ఆ విద్యుత్ కేంద్రం షాపింగ్ మాల్, ఖరీదైన ఫ్లాట్లుగా మారింది. కిరణ్ అక్కడ కాఫీ తాగుదామన్నాడు గానీ, నాకు ఈ ఒడ్డునే బాగుంది. మొదట నాటిన చెట్లు ఇప్పుడు నాలుగైదు అంతస్తుల ఎత్తుకి పెరిగి, పేటంతా నీడ.

బుధవారం: రోహాంప్టన్

బస్సు దిగగానే రిచ్‌మండ్ పార్క్ గాలి తగిలింది. లండన్ కౌంటీ కౌన్సిల్ ఆర్కిటెక్టుల విభాగం కట్టిన ఆల్టన్ ఎస్టేట్ ఇది. ఒకే ఆఫీసులో పనిచేసినా వాళ్లు రెండు వర్గాలు. స్వీడన్ ఇళ్లంటే ఇష్టపడినవాళ్లు 1950ల మొదట్లో తూర్పు భాగం కట్టారు: చెట్ల మధ్య ఇటుక టవర్లు, ఏటవాలు కప్పుల ఇళ్లు. ఆ జట్టుకు నాయకురాలు రోజ్‌మేరీ స్టెర్న్‌స్టెట్. ఫ్రాన్స్‌లో మార్సెయ్ నగరంలో ల కార్బుజియే అనే ఆర్కిటెక్టు కట్టిన పెద్ద కాంక్రీటు నివాసాన్ని చూసి వచ్చినవాళ్లు 1950ల చివర్లో పడమటి భాగం కట్టారు. అక్కడ కొండవాలు మీద ఐదు పొడుగు బ్లాకులు, ఒక్కోటీ 11 అంతస్తులు, స్తంభాల మీద లేచి వరసగా నిలబడి ఉంటాయి. ఇవి మన డూప్లెక్స్ ఇళ్లలా రెండేసి అంతస్తుల ఫ్లాట్లు.

ఈ నేల పూర్వం జమీందార్ల భవంతులది, తోటలది. పాత చెట్లను లెక్కపెట్టి, వాటి మధ్య ఖాళీల్లో బ్లాకులు పెట్టారు. మనం సైట్ క్లియరెన్స్ పేరుతో మొదటి రోజే చేసే పని వాళ్లు చేయలేదు. రెండు వర్గాలవాళ్లు అప్పట్లో గట్టిగానే కొట్లాడుకున్నారు. ఇప్పుడు నడుస్తుంటే నా మనసు తూర్పు వైపే మొగ్గింది. ఫోటోకి మాత్రం పడమరదే అందం. పచ్చిక మీద రాబర్ట్ క్లాట్‌వర్తీ చేసిన కంచు ఎద్దు ఉంది, పిల్లలెక్కి ఎక్కి దాని వీపు మెరుస్తోంది. ముసలివాళ్ల కోసం కట్టిన ఒంటి అంతస్తు ఇళ్లు ఆ పెద్ద బ్లాకుల పాదాల దగ్గరే ఉన్నాయి. మనవలు పైన, తాతలు కింద ఉండొచ్చని ఆలోచన.

గురువారం: వాన

బయటికి వెళ్లలేదు. ఈస్ట్ హామ్‌లో కిరణ్ ఇంట్లో కూర్చుని పప్పుచారు పెట్టుకుని, ఇంత మంచి మొదలు రోనన్ పాయింట్ దాకా ఎలా దిగజారిందో వాడికి చెప్పాను. 1951 తర్వాత కన్సర్వేటివ్ ప్రభుత్వం ఏడాదికి మూడు లక్షల ఇళ్ల లక్ష్యం పెట్టింది, 1953కల్లా అందుకుంది. వైశాల్యం తగ్గించి. 1956 నుంచి ఎత్తు పెరిగే కొద్దీ సబ్సిడీ పెంచింది. ఇక కౌన్సిళ్లకు టవర్ కట్టడమే లాభం. మధ్యలో 1961లో, ఇళ్ల ప్రమాణాల మీద ప్రభుత్వం వేసిన పార్కర్ మోరిస్ కమిటీ మాత్రం మంచి పని చేసింది. గది ఇన్ని అడుగులు అని మొదలుపెట్టకుండా, ఆ గదిలో ఏం చేస్తారు, ఏ సామాను పెడతారు, దాని చుట్టూ తిరగడానికి ఎంత జాగా కావాలి అని అడిగి కొలతలు తేల్చింది. 1969లో కౌన్సిల్ ఇళ్లన్నిటికీ తప్పనిసరి చేశారు. 1980లో తీసేశారు. అదే ఏడాది, అద్దెకున్నవాళ్లు డిస్కౌంట్‌తో ఇల్లు కొనుక్కునే హక్కు చట్టమయింది. అమ్మిన ఇళ్ల స్థానంలో కొత్తవి కట్టడానికి కౌన్సిళ్లకు చేతులు కట్టేశారు. కిరణ్ ఇప్పుడు అద్దెకుంటున్న ఫ్లాట్ కూడా ఒకప్పటి కౌన్సిల్ ఇల్లే, ఇంటి యజమాని వేరే ఊళ్లో ఉంటాడు. జీతంలో దాదాపు సగం అద్దెకే పోతోందన్నాడు.

శుక్రవారం: షెఫీల్డ్

సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కితే రెండు గంటల పైచిలుకు. స్టేషన్ బయటికి రాగానే వెనక కొండ మీద పార్క్ హిల్ కనిపిస్తుంది, వెతకక్కర్లేదు.

ఇది ఉక్కు కార్మికుల ఊరు. ఈ కొండ మీద ఒకప్పుడు ఒకదాని వీపుకి ఒకటి అతుక్కున్న ఇరుకు ఇళ్లు ఉండేవి, మరుగుదొడ్లు ఉమ్మడి. 1920లలో ముఠాల కొట్లాటల వల్ల దీన్ని చిన్న చికాగో అనేవారు. నగర ఆర్కిటెక్ట్ లూయిస్ వోమర్స్‌లీ దగ్గర చేరిన జాక్ లిన్, ఐవర్ స్మిత్ అనే ఇద్దరు యువకులు, ఆ మురికివాడలో పోగొట్టకూడనిది కూడా ఒకటుందని గమనించారు. అది వాకిలి. గుమ్మంలో నిలబడి ఇరుగు పొరుగుతో మాట్లాడుకునే వీధి. టవర్లు కడితే అది పోతుంది. అందుకని వీధినే పైకి ఎత్తారు. ప్రతి మూడో అంతస్తులో మూడు మీటర్ల వెడల్పు వసారా, ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి వంతెనలతో కలిసి కొండ చుట్టూ సాగుతుంది. పాలబండి ఇంటి గుమ్మం దాకా వచ్చేది. కప్పు మట్టం అంతటా ఒకటే. కొండ ఏటవాలు కాబట్టి పై చివర భవనం నాలుగంతస్తులు, కింది చివర పదమూడు. దాంతో ఒక్క పై వసారా తప్ప మిగతావన్నీ ఎక్కడో ఒక చోట నేలకు కలుస్తాయి, లిఫ్టు పాడైనా నడిచి ఇంటికి పోవచ్చు.

1957లో పని మొదలై, 1961 జూన్‌లో లేబర్ నాయకుడు హ్యూ గేట్స్‌కెల్ చేతుల మీదుగా ప్రారంభమైంది. 995 ఇళ్లు. వసారాలకు కూల్చిన పాత వీధుల పేర్లే పెట్టారు: గిల్బర్ట్ రో, నార్విచ్ రో, హేగ్ రో, లాంగ్ హెన్రీ రో. పాత పొరుగువాళ్లను వీలైనంత వరకు పక్కపక్కనే చేర్చారు. పాత వీధుల రాళ్లను నడకదారుల్లో పరిచారు. కౌన్సిల్ ఒక సామాజిక కార్యకర్తను జనంతో పాటే కాపురానికి పంపి, వాళ్ల ఇబ్బందులు వినమంది. ముప్పైకి పైగా దుకాణాలు, నాలుగు పబ్బులు, బడి. పబ్బుల్లో ఒకదాని పేరు స్కాటిష్ క్వీన్. స్కాట్లండ్ రాణి మేరీని ఏళ్ల తరబడి బందీగా ఉంచింది ఈ ఊళ్లోనే.

గోడల్లోని ఇటుకను చాలాసేపు చూశాను. అడుగున ముదురు ఊదా, పైకి వెళ్లే కొద్దీ ఎరుపు, లేత ఎరుపు, చివరకు మీగడ రంగు. పైకి పోయే కొద్దీ భవనం తేలికపడుతుంది. యాభై ఏళ్ల మసి కింద కూడా ఆ తేడా తెలుస్తుంది.

ఒక లోపం నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. వసారా వైపు తలుపులున్నాయి, కిటికీలు దాదాపు లేవు. వీధిలో ఆడుకునే పిల్లల్ని వంటింట్లోంచి తల్లి చూడలేదు. వాకిలి కట్టారు, వాకిలి మీద కన్ను పెట్టలేదు. 1970ల చివర్లో ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడి, ఇళ్లలో ఉద్యోగాలు పోయి, మరమ్మతులకు డబ్బు తగ్గినప్పుడు ఆ చూపు లేని వసారాలు రాత్రిపూట భయం పుట్టించాయి. అయినా కారణమంతా ప్లాన్ మీదికి నెట్టేవాళ్లతో నేను ఒప్పుకోను. మొదటి పదిహేనేళ్లు ఇవే వసారాల్లో జనం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కాంక్రీటు మారలేదు, జీతాలు పోయాయి.

శనివారం: షెఫీల్డ్, తిరుగు ప్రయాణం

పొద్దున బాగుచేసిన భాగం చూశాం. 1998లో దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో, రెండో శ్రేణిలో నక్షత్రం గుర్తుతో (Grade II*, పై నుంచి రెండో స్థాయి) చేర్చారు. ఊళ్లో చాలామంది వ్యతిరేకించారు. కూల్చడానికి వీల్లేదు కాబట్టి కౌన్సిల్ ఒక ప్రైవేటు సంస్థతో చేతులు కలిపింది. మొదటి భాగంలో కాంక్రీటు చట్రం ఉంచి, ఇటుకలు తీసేసి, పసుపు, నారింజ, ఎరుపు అల్యూమినియం పలకలు వేశారు. 2013లో అది, బ్రిటన్‌లో ఏటా మంచి కట్టడానికిచ్చే స్టిర్లింగ్ బహుమతి తుది జాబితాకి వెళ్లింది. నాకు ఆ రంగులు నచ్చలేదు. తర్వాతి భాగంలో ఇటుకను కడిగి, మరమ్మతు చేసి ఉంచారు, అది ఎంతో నయం. గుమ్మాల పక్కన వసారా వైపు చూసే కిటికీలు పెట్టడం మాత్రం రెండు చేతులా మెచ్చుకోవాల్సిన మార్పు. అలాగే వసారాల్లోకి ఇప్పుడు తాళం ఉన్నవాళ్లకే ప్రవేశం. ఊరి వీధి అనుకుని కట్టింది గేటు వెనక్కి పోయింది.

బాధ కలిగించేది వేరే. ఈ 995 ఇళ్లూ ఒకప్పుడు కౌన్సిల్ అద్దె ఇళ్లే. పునరుద్ధరించిన వాటిలో ఎక్కువ అమ్మకానికో, మార్కెట్ అద్దెకో వెళ్లాయి, తక్కువ అద్దెవి కొన్నే. పొరుగువాళ్లను పక్కపక్కనే ఉంచడానికి అంత శ్రమపడిన చోట, ఖాళీ చేయించేటప్పుడు ఎవరు ఎటు పోయారో చెల్లాచెదురే. భవనాన్ని కాపాడినందుకు నాకు సంతోషం. దాన్ని ఎవరి కోసం కట్టారో వాళ్లకే తిరిగి ఇవ్వాల్సింది. పక్క కొండ మీద ఇదే పద్ధతిలో కట్టిన హైడ్ పార్క్ ఫ్లాట్లకు జాబితా రక్షణ కూడా లేకపోయింది, వాటిలో పెద్ద బ్లాకును 1990ల మొదట్లోనే కూల్చేశారు.

చూడాలనుకునేవాళ్లకు రెండు మాటలు. సెప్టెంబరులో వెళ్లండి. లండన్‌లో ఓపెన్ హౌస్ పండుగ అప్పుడే, మామూలు రోజుల్లో తలుపు తీయని కట్టడాలు కొన్నింటిని లోపలికి వెళ్లి చూడొచ్చు. స్పా గ్రీన్, చర్చిల్ గార్డెన్స్, ఆల్టన్ బయటి నుంచి ఎప్పుడైనా నడిచి చూసుకోవచ్చు, టిక్కెట్టు లేదు. ఇవన్నీ జనం కాపురం ఉంటున్న ఇళ్లు. కిటికీల్లోకి కెమెరా పెట్టకండి. ఎవరైనా పలకరిస్తే మాత్రం, మీ ఊళ్లో ఇళ్లు ఎలా కడతారో చెప్పండి. మాకు ఎదురైన చాలామంది ముందు అడిగింది అదే.